నారింజలా ఊరించే ముష్టి పండు: గుర్తుపట్టడం ఎలా?

చలికాలంలో అడవి అంచు పొలాల వెంట, కొండ వాలుల్లో ఓ చెట్టుకు నారింజ రంగు పండ్లు గుండ్రంగా, నున్నగా వేలాడుతుంటాయి. పశువుల వెంట వెళ్ళిన పిల్లలు అడవి నారింజ అనుకుని నోట పెట్టుకునే ప్రమాదం ఉంది. అది ముష్టి చెట్టు. ముషిణి, విషముష్టి అని కూడా అంటారు. పశ్చిమ కనుమల వానల అడవుల నుంచి మన తూర్పు కనుమల దాకా సహజంగా పెరుగుతుంది. దీని గింజల్లో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే విషాలున్నాయి.

ఆకు చూడండి

ముష్టి ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. నున్నగా మెరుస్తాయి. ఆకు మొదలు నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు కొస వైపు సాగుతాయి. నారింజ, బత్తాయి ఆకుకు నడుమ ఒకటే పెద్ద ఈనె. నలిపితే ఘాటు వాసన వస్తుంది. మారేడుకు మూడేసి ఆకులు కలిసి ఉంటాయి. ముళ్ళను బట్టి తేల్చుకోవద్దు. ముష్టికీ ఒక్కోసారి ముళ్ళుంటాయి.

పండు కోసి చూడండి

పై పెంకు పెళుసుగా ఉంటుంది. లోపల తొనలుండవు. తెల్లటి జిగురు గుజ్జులో బిళ్ళల్లాంటి గింజలుంటాయి. ఎండిన గింజ ఇంచుమించు పాత పావలా బిళ్ళంత ఉండి, బూడిద రంగు నూగుతో పట్టులా మెరుస్తుంది. నీళ్ళు తేర్చడానికి వాడే చిల్లగింజ చెట్టు దీని బంధువే, ఆకు పోలికా ఉంటుంది. అయితే దాని పండు చిన్నది, పండితే నల్లబడుతుంది. గింజ గుండ్రంగా ఉంటుంది.

కోతులు, పక్షులు ముష్టి గుజ్జు తింటాయి. అవి తిన్నాయి కదా అని మనం తినకూడదు.

పొరపాటున తింటే

మెడ, దవడ బిగుసుకుంటాయి. ఒళ్ళంతా వంకర్లు పోతుంది. చిన్న చప్పుడుకే ఫిట్స్ వస్తాయి, తెలివి మాత్రం ఉంటుంది. లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, మజ్జిగ, నిమ్మరసం పోయొద్దు. మనిషిని కదిలించకుండా, చప్పుడు లేకుండా ఉంచండి. తిన్న పండునో గింజనో డాక్టరుకు చూపండి.

గింజలు ఏరేవారికి

గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో ముష్టి గింజలూ ఉన్నాయి. ఆయుర్వేదంలో శుద్ధి చేశాకే వాడతారు. ఇంట్లో మందు చేసుకోవద్దు. గింజలు ఆరబోసిన చోట ధాన్యం పోయొద్దు. ఏరాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చెట్టును నరకనక్కరలేదు. పిల్లల్ని, పశువుల కాపరుల్ని వెంటబెట్టుకెళ్ళి ఒక్కసారి ఆ ఆకు, ఆ పండు చూపించండి.