తితిక్షాశబ్దార్థ విచారము

కష్టము లనుభవించినవారికి ఓర్పు హెచ్చునని లోకప్రతీతి. తితిక్షాశబ్దముయొక్క వ్యుత్పత్తి నరసినచో నందలి సత్యము కొంత తేటపడును.

ఈ శబ్దము తిజధాతువునుండి పుట్టినది. ధాతుపాఠమున దానికి నిశానము, అనఁగా వాడిచేయుట, అర్థము. తేజస్సు, తీక్ష్ణము, తిగ్మము నా ధాతుజన్యములే. వాడిచేయుటకును సైరించుటకును సంబంధమేమి? సానఱాతి యొరపిడి నోర్చియే కత్తి పదునెక్కునుగదా యని యూహింపవచ్చును.

ఇచట సన్ప్రత్యయము ముఖ్యముగా విచారింపఁదగినది. పిపాస త్రాగఁగోరుట, జిజ్ఞాస తెలియఁగోరుట, వీనియందు సన్నిచ్ఛార్థకము. తితిక్షయందలి సన్నట్టిది గాదు. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున 5వ సూత్రము గుప్, తిజ్, కిత్ ధాతువులకు స్వార్థమున సన్నును విధించుచున్నది. తిజధాతువునకు క్షమార్థమందే యది వచ్చునని కాశికావృత్తి. అర్థాంతరమున తేజయతి యనియే రూపము. కాఁబట్టి తితిక్ష వచ్చిన కష్టము నోర్చుటయే కాని కష్టమును గోరుట గాదు. భగవద్గీత రెండవ యధ్యాయము 14వ శ్లోకమందలి “తితిక్షస్వ” యను పదమును వచ్చిపోవు శీతోష్ణములను గూర్చినదే. వానిని గొనితెచ్చుకొమ్మని యచట లేదు. శిష్యులను బాధించినఁగాని దృఢులు గారని వాదించు నుపాధ్యాయు లీ భేదమును బాగుగ గమనింపవలెను.

ఆధునిక మనశ్శాస్త్రమునం దిట్టి పరిశీలన కలదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 2,398 మంది వృత్తాంతములను విమర్శించి సీరీ, హోల్మన్, సిల్వర్ అను మువ్వురు 2010లో నొక వ్యాసము ప్రకటించిరి. ఆపదలు పెక్కు లనుభవించినవారికంటెను, ఒక్కటియు నెఱుఁగనివారికంటెను, కొలఁదిగా ననుభవించినవారికి మనోవ్యథ తక్కువగను జీవితసంతృప్తి యెక్కువగను గానవచ్చినది. క్రొత్త యాపదకును వారు తక్కువగఁ గ్రుంగిరి. అయినను ఇది సాహచర్యమును జూపునేకాని కార్యకారణభావమును స్థాపింపదు. ఒకనికి సానయైనది వేఱొకనిని విఱిచివేయవచ్చును. ఆ కొలఁదిని ముందుగా నిర్ణయించి యొకనిపై మోపఁగల తూనిక యెవరియొద్దను లేదు.

అమరసింహుఁడు క్షాంతిని తితిక్షను పర్యాయములుగాఁ బఠించెను. బాలురకు నది చాలును. కాని తెలుఁగున క్షమించుట యనఁగా మన్నించుట యైనది. కాశికయందలి క్షమ యది గాదు; ధాతుపాఠమున క్షమధాతువునకు సహనమే యర్థము. కాఁబట్టి దౌర్జన్యమునకు లోనయ్యుఁ గ్రుంగక నిలిచినవానియందు తితిక్ష గలదనవచ్చును. అంతమాత్రమున నపకారిని మన్నించెనని చెప్పుటకు వ్యాకరణ మొప్పుకొనదు.