చక్రాల ఇంటి ఏసీకి కొత్త మీట

క్యారవాన్ అనగానే మనకు సినిమా షూటింగులే గుర్తొస్తాయి. షాటుకీ షాటుకీ మధ్య హీరో వెళ్లి సేదతీరే చల్లని బండి అది. అమెరికాలో అలాంటి బండి మామూలు కుటుంబాల ఇళ్ల ముందు కూడా కనిపిస్తుంది. ఇంజిను లేకుండా, పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే రకాన్ని అక్కడ ట్రావెల్ ట్రైలర్ అంటారు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అందులోనే ఉంటాయి. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పరిసరాలు వీటి తయారీకి పెట్టింది పేరు. వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లే తెలుగు కుటుంబాలు కూడా ఇలాంటి బళ్లను అద్దెకు తీసుకుంటుంటాయి.

ఎండాకాలంలో ఆ ఇంటికి ప్రాణం కప్పు మీది ఏసీ. ఎండ ఎంత తీవ్రంగా ఉంటుందంటే, అరిజోనాలోని ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు తగ్గలేదు. పలచటి గోడల రేకు పెట్టె అలాంటి ఎండలో నిలబడితే లోపల మనుషులు ఉడికిపోతారు. అందుకే కప్పుకు 14 అంగుళాల చదరపు కన్నం కోసి, దాని మీద ఏసీని కూర్చోబెడతారు. ఎక్కువ బళ్లలో ఉండేవి 13,500 లేదా 15,000 బీటీయూల ఏసీలు. గంటకు 12,000 బీటీయూల వేడిని లాగేస్తే ఒక టన్ను కాబట్టి, చిన్నదైనా అది టన్ను దాటిన యంత్రమే. పాతిక అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న ఇంటికి అది తక్కువేమీ కాదు.

అయినా ట్రైలర్లలో పడుకునేవాళ్ల ఫిర్యాదు ఒకటే. అర్ధరాత్రి దుప్పటి కప్పుకోవాలి, పావుగంట తర్వాత తన్నేయాలి. ఏసీలో చల్లదనం పుట్టించే కంప్రెసర్ ఉన్నట్టుండి హోరున మొదలవుతుంది, ఒళ్లు గడ్డకట్టేదాకా ఆగదు. ఆగాక మళ్లీ చెమట పట్టేదాకా కదలదు. కొందరు యంత్రం పాడైందనుకుని బోలెడు డబ్బు పోసి కొత్త ఏసీ బిగించుకుంటారు. తీరా చూస్తే తప్పు యంత్రానిది కాదు. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో దానికి చెప్పే మీటది. దాని పేరే థర్మోస్టాట్.

పాత బళ్లలోనూ చవక బళ్లలోనూ ఆ మీట ఏసీకి కిందివైపు, కప్పుకు అంటిపెట్టుకునే ఉంటుంది. రెండు ప్లాస్టిక్ నాబ్‌లు కనిపిస్తాయి. ఒకటి ఫ్యాను వేగానికి, ఇంకొకటి చల్లదనానికి. రెండోదాని చుట్టూ అంకెలుండవు, ‘వెచ్చన’ నుంచి ‘చల్లన’ దాకా ఒక గీత మాత్రం ఉంటుంది. కవరు విప్పి చూస్తే ఆ నాబ్ వెనక నుంచి సన్నటి లోహపు గొట్టం ఒకటి బయల్దేరి, గదిలోంచి గాలిని లోపలికి పీల్చుకునే దారిలో మెలిక తిరిగి ఉంటుంది. గొట్టం లోపల ఆవిరో ద్రవమో మూసిపెట్టి ఉంటుంది. గాలి వేడెక్కితే అది వ్యాకోచించి ఒక పలచటి పొరను నెడుతుంది. స్విచ్ టక్కుమని పడి కంప్రెసర్ లేస్తుంది. చల్లబడితే పొర వెనక్కి తగ్గి స్విచ్ తెరుచుకుంటుంది. లేచే వేడికీ ఆగే చలికీ మధ్య ఎడం నాలుగైదు డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది.

పెద్ద ఇంట్లో అయితే ఆ ఎడం అంతగా తెలియదు. గోడలకు, గచ్చుకు, సామాన్లకు చల్లదనాన్ని పట్టి ఉంచే బరువు ఉంటుంది. ట్రైలర్ గోడ మందం అంగుళంన్నర, రెండంగుళాలు. కంప్రెసర్ ఆగీ ఆగగానే ఎండ లోపలికి వచ్చేస్తుంది. పైగా ఆ గొట్టం ఉన్నచోటు కప్పు దగ్గర, చల్లగాలి బయటికి వచ్చే కన్నానికి జానెడు దూరంలో. మంచం మీద పిల్లవాడు చెమటలు కక్కుతున్నా కప్పు దగ్గర గాలి చల్లబడితే చాలు, పని అయిపోయిందనుకుంటుంది ఆ మీట.

ఇలాంటి తిప్పలే ఒకప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో ఒక కాలేజీ ఉపాధ్యాయుడైన వారెన్ జాన్సన్ పడ్డాడు. ఆ కాలేజీలో గది చల్లగా ఉందో వేడిగా ఉందో తెలుసుకోవడానికి బాయిలర్ చూసుకునే పనివాడు పాఠం మధ్యలో తరగతి గదిలోకి రావలసి వచ్చేది. ఆ చికాకు పడలేక గది వేడిని బట్టి పనివాడి దగ్గర గంట మోగే విద్యుత్ పరికరాన్ని జాన్సన్ తయారుచేసి, 1883లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన స్థాపించిన కంపెనీయే నేటి జాన్సన్ కంట్రోల్స్. మనుషులు కూర్చునే చోట ఉష్ణోగ్రతను కొలవాలన్నది ఆయన పట్టుకున్న కీలకం. ట్రైలర్ యజమానులు ఇవాళ కొత్త మీటలు కొనేది కూడా అందుకే.

మీట మార్చడం ఎంత సులువన్నది బండిలో ముందే ఉన్న వైరింగ్‌ను బట్టి ఉంటుంది. గోడ మీద థర్మోస్టాట్ ఉన్న బండి అయితే పని దాదాపు సగం అయిపోయినట్టే. ఆ థర్మోస్టాట్ వైర్లలో ప్రవహించేది బండి బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటు. థర్మోస్టాట్ ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. కప్పు మీది కంట్రోల్ బాక్సులో ఉన్న రిలేలు ఆ ఆజ్ఞ అందుకుని 120 వోల్టుల కరెంటును కంప్రెసర్‌కూ ఫ్యానుకూ వదులుతాయి. కోల్‌మన్-మాక్ రకం ఏసీలున్న చాలా బళ్లలో పసుపు వైరు కంప్రెసర్‌కు, ఆకుపచ్చ ఫ్యాను ఎక్కువ వేగానికి, బూడిదరంగు తక్కువ వేగానికి, తెల్లది గ్యాసు హీటరుకు వెళతాయి. ఎరుపు, నీలం వైర్లు బ్యాటరీవి. అయినా రంగును నమ్మి వైరు కలపకూడదు. ఏ వైరు ఎక్కడికి వెళుతోందో మీటరు పెట్టి చూసుకున్నాకే కలపాలి.

కొందరు దుకాణంలో దొరికే ఇంటి థర్మోస్టాట్ తెచ్చి తగిలిస్తారు. అమెరికా ఇళ్లలో థర్మోస్టాట్ వైర్లలో నడిచేది 24 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు, ట్రైలర్‌లో 12 వోల్టుల డీసీ. సొంత బ్యాటరీలతో నడుస్తూ లోపల మామూలు రిలే ఉన్న సాదా డిజిటల్ రకం అయితే రెండింటికీ పనికొస్తుంది. అలాంటి హంటర్ 42999బి ఒకప్పుడు ట్రైలర్ యజమానులకు ఇష్టమైన మోడల్. వైర్లలోంచే కరెంటు లాక్కునే స్మార్ట్ రకాలు మాత్రం ఇక్కడ మొరాయిస్తాయి. ఇంటి థర్మోస్టాట్‌కు రెండు ఫ్యాను వేగాల సంగతి కూడా తెలియదు, దానికి విడిగా ఒక స్విచ్ పెట్టుకోవాలి.

డొమెటిక్ కంపెనీ ఏసీలు కొన్నింటిలో ఇంకో చిక్కుంది. గోడ మీది పెట్టెకూ కప్పు మీది బోర్డుకూ మధ్య టెలిఫోన్ తీగలాంటి కేబుల్ ఒక్కటే ఉంటుంది. అందులో వెళ్లేది స్విచ్ కరెంటు కాదు, ఆ కంపెనీ సొంత సంకేత భాష. ఆ భాష తెలిసిన థర్మోస్టాటే దానికి పనికొస్తుంది. మైక్రో-ఎయిర్ కంపెనీ ఈజీటచ్ పేరుతో ఇలాంటి రకాలకు సరిపోయే మోడళ్లు అమ్ముతోంది. వాటిని ఫోను నుంచి కూడా నడపవచ్చు.

నాబ్‌లు మాత్రమే ఉన్న బండికి ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువే. రిలేలున్న కంట్రోల్ బాక్సు కొత్తగా బిగించి, గోడ దాకా వైర్లు లాగాలి. ఆ కప్పు పెట్టెలో 120 వోల్టుల కరెంటు చేతికి అందే ఎత్తులో ఉంటుంది. బ్రేకర్ దించి, బయటి కరెంటు ప్లగ్గు పీకి, జనరేటరూ ఇన్వర్టరూ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. ఈ పనిలో చెయ్యి తిరగనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. పాత వైరింగ్ పీకేటప్పుడు గాలిని చల్లబరిచే కాయిల్‌కు గుచ్చి ఉండే చిన్న సెన్సర్‌ను పనికిరానిదనుకుని పారేయకూడదు. కాయిల్ మీద మంచు పేరుకుంటే కంప్రెసర్‌ను ఆపేది అదే.

మంచి థర్మోస్టాట్ మూడు పనులు చేస్తుంది. ఉష్ణోగ్రతను ఒకటి రెండు డిగ్రీల లోపే నిలుపుతుంది. ఆగిన కంప్రెసర్‌ను రెండు మూడు నిమిషాల దాకా మళ్లీ లేవనివ్వదు, దానివల్ల కంప్రెసర్ ఆయుష్షు పెరుగుతుంది. కంప్రెసర్‌తోపాటే ఫ్యానునూ ఆపుతుంది. ఈ మూడోది గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఫ్లోరిడా, లూసియానా తీరాల్లో ఎంతో ముఖ్యం. నాబ్ ఏసీలో కంప్రెసర్ ఆగినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ మీది తడి మళ్లీ గాలిలో కలిసి గదిలోకే వస్తుంది. అంకె చల్లగానే కనిపిస్తుంది, ఉక్కపోత మాత్రం పోదు.

కొత్త మీట పెట్టినంత మాత్రాన ఏసీకి బలం పెరగదు. అందుకే కవరు విప్పిన రోజునే కప్పు కన్నంలోకి టార్చి వేసి చూడాలి. చల్లగాలి వెళ్లే గదికీ వేడిగాలి వచ్చే గదికీ మధ్య గోడ సరిగ్గా అతక్కపోతే, చల్లగాలి మనుషుల దాకా రాకుండానే వెనక్కి తిరుగుతుంది. ఆ సందుల్ని అల్యూమినియం టేపుతో మూయడానికయ్యే ఖర్చు కొద్ది డాలర్లే. చాలా బళ్లలో థర్మోస్టాట్ కంటే ముందు ఈ టేపే మేలు చేస్తుంది.

కరెంటు చిక్కుల్నీ కొత్త మీట తీర్చలేదు. రద్దీగా ఉన్న క్యాంపుగ్రౌండులో మధ్యాహ్నం అందరూ ఏసీలు వేస్తే వోల్టేజి పడిపోతుంది. 104 వోల్టులకు దిగితే సరఫరాను తెంచేసే రక్షణ పరికరాలున్నాయి, వాటిని పెట్టుకోవడం మంచిది. కంప్రెసర్ లేచే క్షణంలో నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ బిగిస్తే ఆ కుదుపు బాగా తగ్గి చిన్న జనరేటర్ కూడా మోయగలుగుతుంది.

ఫోనులో ఉష్ణోగ్రత కనిపిస్తోంది కదా అని పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ లోపల వదిలి వెళ్లకండి. క్యాంపుగ్రౌండులో కరెంటు పోతే ఆ ఫోను నుంచి ఏసీ వేయడం ఎవరి తరమూ కాదు. పాత థర్మోస్టాట్‌ను విప్పే ముందు వైర్లన్నీ కనిపించేలా ఫోటో తీయండి, ప్రతి వైరుకూ చీటీ అంటించండి. విప్పిన థర్మోస్టాట్‌ను ఆ ఫోటోతో సహా ట్రైలర్ సొరుగులోనే ఉంచండి. ఎడారి దారిలో కొత్తది మొండికేస్తే ఆ రాత్రికి అక్కరకొచ్చేది అదే.