ఉన్న పేరు లేదంటుందేం?

ప్రోగ్రాము రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవారికి సహాయపడాలంటే తెలివి ఒక్కటే చాలదు; చేతులు కట్టుకుని కూర్చునే ఓర్పు కూడా కావాలి.

కంప్యూటరుకు పని చెప్పడం నేర్చుకునే విద్యార్థిచేత తొలిరోజులలో రాయించే ప్రోగ్రాములలో వెతుకులాట ఒకటి. ఒక గ్రంథాలయంలో సభ్యుల పట్టిక ఉన్నదనుకోండి. ఒక్కొక్క వరుసలో ఒక సభ్యుని సంఖ్య, పేరు, ఊరు, చెల్లించిన చందా ఉంటాయి. అటువంటి వరుసనే రికార్డు అంటారు. సంఖ్యనో, పేరునో ఇస్తే ఆ రికార్డును వెతికి చూపించాలి. లేకపోతే లేదని చెప్పాలి. చెప్పుకోవడానికి ఇంతే.

విద్యార్థి ఉత్సాహంగా ఇరవై పంక్తులు రాస్తాడు. పట్టికలో కళ్ళెదుట కనిపిస్తున్న సభ్యుణ్ణే అడుగుతాడు. కంప్యూటరు తడుముకోకుండా "లేదు" అంటుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ఇక అతడు ఇక్కడొక అక్షరం మారుస్తాడు, అక్కడొక గుర్తు తీసివేస్తాడు, నిన్న ఎక్కడో చూసిన పంక్తి తెచ్చి మధ్యలో ఇరికిస్తాడు. గంట గడిచేసరికి మొదట ఉన్న తప్పు అలాగే ఉంటుంది. దానికి తోడు దిద్దుబాటులో పుట్టినవి మరి మూడు చేరతాయి. చివరికి తెలిసినవారిని వెతుక్కుంటూ వస్తాడు.

ఆ తెలిసినవారు మీరే అయితే ఏం చేస్తారు?

చాలామంది చేసే పని ఒకటే. "ఏదీ, ఇలా జరుగు" అని కుర్చీలో కూర్చుంటారు. రెండు నిమిషాలలో తప్పు పట్టుకుని దిద్దేస్తారు. విద్యార్థి సంతోషంగా వెళ్ళిపోతాడు. ప్రోగ్రాము బాగుపడిందిగాని విద్యార్థికి ఒనగూడినది ఏమీ లేదు. రేపు మరో తప్పుతో తిరిగి వస్తాడు. లేదా, ఇదే అసలు ప్రమాదం, ఈ విద్య తనకు పట్టుబడేది కాదని నిశ్చయించుకుని మరి రానే రాడు.

మూడు ప్రశ్నలు

"మాస్టారూ, నా ప్రోగ్రాము పని చేయడం లేదండీ" అన్న మాట, వైద్యుని ముందు కూర్చుని "ఒంట్లో బాగాలేదండీ" అనడం వంటిది. అబద్ధం కాదు, అయితే దానితో మందు రాయడం సాధ్యం కాదు. కాబట్టి సహాయం చేసేవారు ముందుగా అడగవలసినవి మూడు ప్రశ్నలు: ఏమి ఇచ్చావు? ఏమి రావాలనుకున్నావు? ఏమి వచ్చింది?

ఆ సంభాషణ ఇలా సాగవచ్చు.

"ఏ సంఖ్య ఇచ్చావు నాయనా?"

"ఇరవై అయిదండీ."

"ఏమి రావాలి?"

"ఆ నెంబరు సభ్యురాలి పేరు రావాలి."

"ఏమి వచ్చింది?"

"లేదు అని వచ్చిందండీ... అయిదుసార్లు."

"అయిదుసార్లా! పట్టికలో ఎంతమంది ఉన్నారు?"

విద్యార్థి ఒక్క క్షణం ఆగుతాడు. "అయిదుగురేనండీ."

చూశారా! సగం రోగం బయటపడింది. 'పని చేయడం లేదు' అన్న మాటలో ఈ అయిదు అంకె మరుగున పడిపోయింది. రిజిస్టరు తెరిచిన గుమాస్తా మొదటి పేరు చూసి "మీ పేరు లేదు" అని, రెండో పేరు చూసి మళ్ళీ "లేదు" అని, ఇలా ప్రతి వరుసకూ ఒక తీర్పు చెబితే ఎలా ఉంటుంది? ఈ ప్రోగ్రాము చేస్తున్నది అదే. లేదన్న మాట చివరి వరుస దాటిన తరువాత, ఒక్కసారే చెప్పాలి. విద్యార్థి దానిని వరుసలు తిప్పే ఆవృత్తి లోపలే పెట్టాడు.

అయితే ఇంకో ప్రశ్న మిగిలింది. అయిదుగురిలో ఒకరి సంఖ్య 25 కదా. ఆ ఒక్కచోటనైనా "ఉన్నది" అని రావద్దూ? ఇక్కడ దాగినది రెండో తప్పు. నేడు విద్యార్థులు ఎక్కువగా నేర్చుకుంటున్న పైథాన్ భాషలో మనం మీటలమీద కొట్టి ఇచ్చేది ఏదైనా సరే అక్షరాలుగానే లోపలికి వెళుతుంది. పట్టికలో ఉన్నది 25 అనే సంఖ్య. మనం ఇచ్చినది 2, 5 అనే రెండు అక్షరాల మాట. రెండూ సమానమా అని అడిగితే యంత్రం ఏ ఆక్షేపణా తెలుపదు. కాదని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఇచ్చినదాన్ని ముందే సంఖ్యగా మార్చుకుంటే చిక్కు విడిపోతుంది.

కళ్ళు చూసేది వేరు

ప్రూఫులు దిద్దినవారందరికీ ఒక సంగతి అనుభవమే. తాను రాసిన దానిలో తప్పు తనకు కనపడదు. కాగితంమీద ఉన్నదాన్ని కాక, తన మనసులో ఉన్నదాన్ని కన్ను చదువుతుంది. అనువాదకురాలిగా నాకిది నిత్యకృత్యం. అందుకే నా ప్రతిని మరొకరు బిగ్గరగా చదివితే విని దిద్దుకుంటాను. ప్రోగ్రాము విషయంలోనూ ఇదే మేలైన మార్గం. "ఈ పంక్తి ఏం చేస్తుందో నాకు చెప్పు" అని ఒక్కొక్క పంక్తినీ విద్యార్థిచేతనే చెప్పించండి. చాలాసార్లు మీరు నోరు విప్పకముందే అతడు సగంలో ఆగి, "అయ్యో, ఇక్కడా!" అంటాడు.

పేర్లతో వెతికేటప్పుడు ఈ కంటి మోసం మరింత ఎక్కువ. ఫైలునుంచి చదివిన పేరు చివర ఒక ఖాళీయో, పంక్తి ముగిసిందని తెలిపే కంటికి కనపడని గుర్తో అంటుకుని ఉంటుంది. మనకు రెండూ ఒకే పేరు. యంత్రానికి ఒకటి ఒక అక్షరం పొడవు. పేరుకు ముందూ వెనుకా ఒక్కొక్క కుండలీకరణం చేర్చి తెరమీద చూపించమంటే చాలు, చివరి కుండలీకరణం దూరంగా జరిగి, దాగిన ఖాళీ బయటపడుతుంది. ఇంగ్లీషులో పెద్ద 'ఎ'కు సంకేతసంఖ్య 65, చిన్న 'ఎ'కు 97. కాబట్టి అవి కూడా యంత్రానికి వేరువేరు అక్షరాలే.

మన తెలుగులోనూ ఇటువంటి చమత్కారం లేకపోలేదు. ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంకేతసంఖ్యలు ఇచ్చిన యూనికోడ్ పద్ధతిలో 'వైదేహి' అనే పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒక్కలాగే కనపడతాయి. ఆ రెండూ ఒకటేనని యూనికోడ్ నియమాలు చెబుతున్నా, సంకేతాలను మాత్రమే పోల్చే ప్రోగ్రాము ఒక వైదేహిని ఇద్దరిని చేస్తుంది. పోల్చేముందు రెండు పేర్లనూ ఒకే రూపానికి తేవడమే దీనికి విరుగుడు.

కాగితం, పెన్సిలు

అయిదువందల పేర్ల పట్టికలో తప్పు వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. పట్టికను అయిదు పేర్లకు కుదించమనండి. తరువాత నాలుగు పరీక్షలు చేయించండి: మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు, అసలే లేని పేరు. వీలైతే పేర్లే లేని ఖాళీ పట్టికతో అయిదోసారి.

మొదటివి రెండూ దొరికి చివరి పేరు దొరకలేదంటే లెక్కలో ఒకటి తగ్గిందన్నమాట. చాలా ప్రోగ్రాము భాషలలో వరుసల లెక్క సున్నతో మొదలవుతుంది. అయిదు రికార్డులకు సంఖ్యలు 0 నుంచి 4 వరకు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆగాలో కొత్తవారికి తికమక సహజం. కంచెకు పది గుంజలు పాతితే మధ్య సందులు తొమ్మిదేనన్నది చిన్న విషయమే. లెక్కవేసేటప్పుడు దాన్ని మరచిపోవడమూ అంతే సులభం.

అప్పుడు విద్యార్థిని కంప్యూటరు వేషం కట్టమనండి. కాగితంమీద మూడు గళ్ళు గీసి, ఎన్నో వరుస, అందులో ఏమున్నది, పోల్చితే ఏమి తేలింది అన్నది ఒక్కొక్క అడుగూ పెన్సిలుతో రాయాలి. తాను ఉద్దేశించినది కాక, పంక్తి చెప్పినదే చేయాలి. తప్పు దొరికిన తరువాత కూడా ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్ళీ పరీక్షించాలి. రెండు మందులు కలిపి మింగితే ఏది గుణమిచ్చిందో తెలియదు కదా!

ఉద్దండుల తడబాటు

"ఇంత చిన్నదానిలో ఇన్ని తప్పులు చేశాను" అని విద్యార్థి కుంగిపోతే, అతనికి ఒక చరిత్ర చెప్పవచ్చు.

నిఘంటువులో మాట వెతికేవారు మొదటి పుటనుంచి తిప్పరు. మధ్యకు తెరిచి, కావలసిన మాట ముందున్నదో వెనుకనున్నదో చూసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేస్తారు. అక్షరక్రమంలో ఉన్న వెయ్యి పేర్లలో ఈ విధంగా ఒక పేరును తేల్చడానికి పది చూపులు చాలు. పది లక్షల పేర్లకైనా ఇరవై చాలు. ఈ ద్విభాజన పద్ధతి 1946లోనే ప్రకటితమైనా, అన్ని సందర్భాలకూ సరిపోయే నిర్దుష్టమైన ప్రోగ్రాము ఆ తరువాత చాలా ఏళ్ళ వరకు అచ్చు కాలేదని డొనాల్డ్ నూత్ తన గ్రంథంలో గుర్తుచేశాడు. వృత్తిలో ఉన్న ప్రోగ్రామర్లకు రెండు గంటల వ్యవధి ఇచ్చి రాయిస్తే, తొంభైశాతం మంది ప్రోగ్రాములలో తప్పులు దొరికాయని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ బెంట్లీ రాశాడు.

కథ అక్కడితో ముగియలేదు. బెంట్లీ పాఠాలు విన్న జాషువా బ్లాక్ జావా భాషకు ఈ ప్రోగ్రామును సమకూర్చాడు. అందులో సుమారు తొమ్మిదేళ్ళు ఎవరికంటా పడని తప్పు ఉండిపోయిందని 2006లో అతడే ప్రకటించాడు. మధ్యస్థానం కోసం రెండు కొసలను కూడి సగం చేస్తారు. ఆ భాషలో మామూలు పూర్ణసంఖ్య 2,14,74,83,647 దాటలేదు. పట్టిక సుమారు 107 కోట్ల వరుసలకు పెరిగితే కూడిక ఆ హద్దు దాటి రుణసంఖ్యగా మారుతుంది. బెంట్లీ తన పుస్తకంలో సరైనదని నిరూపించి చూపిన ప్రోగ్రాములోనూ ఇదే లోపం ఉన్నది!

కేంబ్రిడ్జిలో 1949లో ఎడ్‌శాక్ యంత్రాన్ని నడిపించిన మారిస్ విల్క్స్, తన శేషజీవితంలో మంచి భాగం సొంత ప్రోగ్రాములలో తప్పులు వెతకడానికే పోతుందని ఆ ఏడాదే తనకు స్ఫురించిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. తప్పు చేయడం తెలివితక్కువతనానికి గుర్తు కాదు. తప్పు వెతకడం ఈ విద్యలో సగం పాఠం.

వెతకడంలో కూడా నిఘంటువు కిటుకే పనికివస్తుంది. ప్రోగ్రాము మధ్యలో ఆపి, ఇంతవరకు విలువలు సరిగా ఉన్నవా అని చూడాలి. సరిగా ఉంటే తప్పు రెండో సగంలో. లేకుంటే మొదటి సగంలో.

ఎందుకింత శ్రమ అంటారా? నేడు గ్రంథాలయం పట్టికతో కుస్తీపడుతున్న విద్యార్థి రేపు పింఛనుదారుల జాబితానో, ఆసుపత్రి చిట్టానో వెతికే ప్రోగ్రాము రాయవచ్చు. అక్కడ "లేదు" అన్న మాట తెరమీది రెండక్షరాలు కాదు; కిటికీ ముందు నిలబడిన ఒక వృద్ధురాలు వెనుదిరిగి వెళ్ళిపోవడం. యంత్రం లేదన్నప్పుడు నిజంగానే లేదా, లేక నేను సరిగా అడగలేదా అని సందేహించే అలవాటు ఆ విద్యార్థికి ముందే అబ్బాలి. తప్పును మీరు దిద్దిపెడితే ఆ అలవాటు అబ్బదు. పక్కన కూర్చుని, ప్రశ్న అడిగి, జవాబుకోసం ఓపికగా ఎదురుచూస్తే అబ్బుతుంది.