పసిబిడ్డ ఊపిరితిత్తులకు పొడి మందు: అపోహలు – వాస్తవాలు

క్యాప్సూల్ పెట్టి, తిప్పి, నోటితో గట్టిగా పీల్చే పొడి ఇన్‌హేలరు ఆస్తమా ఉన్న ఇళ్లలో అందరికీ తెలిసిందే. నెలల పిల్లలకు అలాంటిది ఎందుకు లేదని తల్లిదండ్రులు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

అపోహ: పెద్దల ఇన్‌హేలరునే చిన్నదిగా చేస్తే చాలు.

వాస్తవం: అందులో మోటారు లేదు, గ్యాసూ లేదు. పొడిని లేపేది, ఉండలు విడగొట్టేది పీల్చేవారి ఊపిరే. చాలా పరికరాలకు నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల వేగంతో గాలి లాగాలి. మూడు కిలోల బిడ్డ ఒక్కసారికి పీల్చేది సుమారు 20 మిల్లీలీటర్లు. పెద్దవాళ్లు అర లీటరు పీలుస్తారు. ‘గట్టిగా పీల్చి బిగబట్టు’ అని ఆ బిడ్డకు చెప్పలేం కదా! కాబట్టి బిడ్డ చేయాల్సిన పని ఏదీ మిగలకూడదు, అంతా పరికరమే చేయాలి.

అమెరికాలోని వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హిండిల్, వర్త్ లాంగెస్ట్ బృందం పట్టుకున్న దారి ఇదే. చిన్న గదిలో పొడి ఉంచి, సన్నని గొట్టం గుండా గాలిని వేగంగా కొడతారు. విడివడిన పొడి ముక్కు ద్వారా లోపలికి వెళ్తుంది. నెలలు నిండని బిడ్డకైతే ఒక్కో విడతకు 10 మిల్లీలీటర్ల గాలితోనే పని పూర్తి కావాలి. ఎక్కువైతే ఆ లేత ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

అపోహ: ముక్కు మందును ఆపేస్తుంది, నోటి నుంచే ఇవ్వాలి.

వాస్తవం: తొలి నెలల్లో పిల్లలు ప్రధానంగా ముక్కుతోనే శ్వాసిస్తారు. మందూ ఆ దారినే పోవాలి. అయితే పెద్ద రేణువులు ముక్కులోనే చిక్కుకుంటాయి, మరీ సన్నవి ఊపిరితో తిరిగి బయటికి వచ్చేస్తాయి. దీనికి ఈ బృందం కనిపెట్టిన ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. మందులో తేమను లాక్కునే మానిటాల్ వంటి పదార్థం కలుపుతారు. రేణువు సన్నగా ఉండగానే ముక్కు దాటుతుంది, లోపలి తడికి ఉబ్బి బరువెక్కుతుంది, ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది.

అపోహ: ఏడ్చేటప్పుడు ఇస్తే మందు బాగా దిగుతుంది.

వాస్తవం: బాగా తగ్గుతుంది. ఏడుపంటే పొడవుగా గాలి వదలడం, మధ్యలో గబుక్కున పీల్చడం. మందు గొంతుకు తగిలి కడుపులోకి పోతుంది.

అపోహ: ఏ పొడైనా ఊపిరితిత్తులకు ప్రమాదమే.

వాస్తవం: స్నానం చేయించి పులిమే టాల్కమ్ పౌడరు విషయంలో ఈ భయం అక్షరాలా నిజం. అది కరగదు, బిడ్డ పీలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి మానేయండి. పీల్చడానికి తయారుచేసే మందు పొడి మాత్రం తడికి కరిగిపోయేలా రూపొందుతుంది.

అపోహ: ఇదంతా ఆస్తమా కోసమే.

వాస్తవం: అసలు ఆశ నెలలు నిండకుండా పుట్టినవారి మీద. ఊపిరితిత్తుల గాలి గదులు మూసుకుపోకుండా కాపాడే సర్ఫక్టెంట్ వాళ్లలో చాలదని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ తేల్చారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ప్యాట్రిక్ పుట్టిన రెండో రోజునే ఈ లోపంతో వచ్చే శ్వాస జబ్బుతో పోయాడు. 1980లో జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా బయటినుంచి సర్ఫక్టెంట్ ఇచ్చి పిల్లల్ని బతికించవచ్చని చూపారు. నేటికీ దాన్ని ద్రవంగా, శ్వాసనాళంలోకి గొట్టం వేసి ఇస్తున్నారు. ఫ్రిజ్ కావాలి, చెయ్యి తిరిగిన వైద్యులు కావాలి. మన జిల్లా ఆసుపత్రుల నవజాత శిశు వార్డుల్లో రాత్రివేళ ఈ రెండూ ఎంత విలువైనవో అక్కడి నర్సులకు తెలుసు. గొట్టం లేకుండా ముక్కు ద్వారా ఇవ్వగల పొడి అందుకే కావాలి. దాన్ని ముక్కు నమూనాల్లో, జంతువుల్లో పరీక్షించారు. వార్డుకు ఇంకా రాలేదు.

ఈలోగా వీజింగ్ (పిల్లికూతలు) ఉన్న పసిపిల్లలకు డాక్టరు రాసేది స్ప్రే ఇన్‌హేలరు, దానికి తగిలించే మాస్కు ఉన్న గొట్టం, అంటే స్పేసరు. మాస్కు ముఖానికి సందు లేకుండా ఆనాలి. ప్లాస్టిక్ స్పేసరును సబ్బునీళ్లలో కడిగాక గుడ్డతో తుడవకుండా గాలికే ఆరనివ్వాలి. తుడిస్తే పుట్టే స్థిర విద్యుత్తుకు మందు గోడలకే అంటుకుంటుంది.