ఒకే నూలు, వేరువేరు నేతలు

పెడన పేరు చెప్పగానే మనకు మగ్గమును, కలంకారీ అచ్చును జ్ఞప్తికి వచ్చును. నూలు ఒకటియే అయినను పేనినచో త్రాడగును, ఒత్తుగా నేసినచో దుప్పటి యగును, పలుచగా నేసినచో ఉత్తరీయమగును. మన దేహమందును, పాలిచ్చు జంతువులన్నిటి దేహములందును ఇట్టి నూలొకటి కలదు. దాని పేరు కొల్లాజెన్.

ఇది యొక మాంసకృత్తు. మూడు గొలుసులు పురిపెట్టినట్లు చుట్టుకొని ఒక అణువగును. ఈ మూడు పేటల పురిని మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాగారలు 1954, 1955 సంవత్సరములలో ఎక్స్‌రే చిత్రముల సాయమున వెల్లడించిరి. అట్టి అణువులు ప్రక్కప్రక్కన చేరి సన్నని పోగులగును.

నూలునందును జాతులు కలవు. ఇంతవరకు 28 రకములు గుర్తింపబడినవి. మూత్రపిండపు వడపోత పొరయందలి రకము పోగులే కట్టక వలవలె అల్లుకొనును. అయినను చర్మము, ఎముక, స్నాయువు, కన్ను ఈ నాల్గింటను ప్రధానముగా నున్నది ఒకటవ రకమే. భేదమంతయు నేతలో నున్నది.

మడమ వెనుక తడిమి చూడుడు. అచటి స్నాయువులో పోగులన్నియు ఒకే దిక్కుగా సాగును. పేక లేని పడుగన్నమాట. కండ ఎటు లాగునో అటే బలము కావలెను గదా! చర్మమును ఏ వైపునకు లాగినను చినుగరాదు. కనుక అందు లావుపాటి కట్టలు గంప అల్లికవలె నలుదిక్కులకు పెనవేసుకొన్నవి. తోలు అనగా ఈ అల్లికయే. పెడనలో రంగు పట్టుటకై గుడ్డను ముంచు కరక్కాయ నీటి వగరే, తోలులోని కొల్లాజెన్‌ను పట్టుకొని కుళ్లకుండ కాపాడును. మన యలవర్తి నాయుడమ్మగారు మదరాసు కేంద్ర తోళ్ల పరిశోధనాలయమునకు అధిపతియై ఈ విద్యకే పేరు తెచ్చిరి.

మాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలిపినది కన్ను. తెల్లగుడ్డును, నల్లగుడ్డు ముందుండు అద్దమువంటి కార్నియా పొరయు ఒకే నూలుతో నేసినవి. తెల్లగుడ్డులో లావు, సన్నము పోగులు చిక్కుపడియుండును. వెలుగు వానిపైబడి చెదరును. కార్నియాలో పోగులన్నియు ఇంచుమించు 30 నానోమీటర్ల సమమైన సన్నదనముతో, సమమైన ఎడముతో నిలిచి, పొరపై పొర అడ్డముగా పరచుకొన్నవి. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. ఆ వరుసవలననే వెలుగు చెదరక లోనికి పోవును.

కృష్ణా డెల్టాలో కుప్పనూర్పుల వేళ వడ్లగింజయో, ఆకు అంచో కంటికి తగులుట కలదు. పైపొర మాత్రమే గీసికొనిన మచ్చలేక మానును. దెబ్బ లోతుకు పోయినను, బూజు చేరి పుండయినను, దేహము క్రొత్త కొల్లాజెన్‌ను నేసి పూడ్చును గాని ఆ తొందర నేతలో వరుస కుదరదు. మనము కంటిలో పువ్వు వేసినదనునది దానినే. ఆకుపసరులు పోయుచు దినములు గడుపక వెంటనే నేత్రవైద్యునికి చూపవలెను. పువ్వు ముదిరినచో మందులతో ఆ వరుస తిరిగి రాదు. మరణించినవారి కార్నియాను అతుకుటయే మార్గము. మానవునియందు ఈ శస్త్రచికిత్స తొలిసారి సఫలమైనది 1905లో. దానమిచ్చువారి ఇంటివారు మరణానంతరము ఆరు గంటలలోపున నేత్రనిధికి కబురంపవలెను.