సాహసియా, జాగరూకుడా?

ముళబాగిలులో ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఈ ప్రశ్న మన యిండ్లలో పుట్టును. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవి పోటీయందును ఇదియే ప్రశ్న. బ్రిటిషువారికి గడువు విధించి పోరాడవలెనన్న సుభాస్ చంద్రబోసుగారొకవైపు; గాంధీజీ మార్గమున ఆచితూచి నడచు మన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వేరొకవైపు.

బోసుగారు 1,580 ఓట్లతో గెలిచిరి. అయినను పెద్దలతో పొత్తు కుదరక, కార్యవర్గమును ఏర్పరుపజాలక, ఏప్రిల్‌లో రాజీనామా చేసిరి. జాగ్రత్త పిరికితనము కాదు: పట్టాభిగారు 1942లో అరెస్టయి అహమ్మదునగరు కోటలో చెర ననుభవించిరి; 1948లో అధ్యక్షులుగా ఎన్నికైరి.

కావున, తల్లిదండ్రులారా, అభ్యర్థి ధైర్యముతోబాటు, గెలిచిన పిమ్మట పదిమందిని కలుపుకొని పని నెరవేర్చగలడా యనియు విచారింతము. మన బడికి తెలుగు ఉపాధ్యాయుని తెచ్చుటకు గర్జన యొక్కటియే చాలదు, మౌనమును చాలదు.