మిత్తి లెక్క అడగడానికీ పుట్టుకను తిట్టడానికీ మధ్య గీత ఎక్కడ?

2017 సెప్టెంబరులో కంచ ఐలయ్య చిన్న పుస్తకం 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు' మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో రచ్చ జరిగింది. అది కొత్త రచన కాదు, 2009లో ఇంగ్లీషులో వచ్చిన 'పోస్ట్ హిందూ ఇండియా'లోని ఒక అధ్యాయం. తెలుగులోకి వచ్చాకే మంటలు లేచాయి. దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఒక రాజ్యసభ సభ్యుడు ఆయన్ని బహిరంగంగా ఉరితీయాలన్నాడు. పరకాలలో ఆయన కారు మీద దాడి జరిగింది. నిషేధించమంటూ వేసిన పిటిషన్‌ను అక్టోబరు 13న సుప్రీంకోర్టు కొట్టేసింది.

అప్పుడు మనమంతా రచయిత పక్షాన నిలబడ్డాం. అది సరైన పనే. ఈరోజైనా అక్కడే నిలబడతాం. కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు హాస్టళ్లలో విద్యార్థులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతూనే ఉన్నారు: యూదులను 'వడ్డీ రక్తపిశాచులు' అని యూరప్ తిట్టిన తిట్టుకూ, మనం ఒక వ్యాపార కులాన్ని అనే మాటకూ తేడా ఏంటి? ఈ ప్రశ్నను దాటేయడం మాకు ఇష్టం లేదు.

ముందు తేడా చెప్పాలి. మధ్యయుగ యూరప్‌లో చాలాచోట్ల యూదులకు భూమి కొనే హక్కు లేదు, చేతివృత్తుల సంఘాల్లో చోటు లేదు. వడ్డీ తీసుకోవడం క్రైస్తవులకు చర్చి నిషేధించింది. మిగిలిన దారుల్లో ఒకటి అప్పులివ్వడం. రాజులు వాళ్ల నుంచి పన్నులు పిండుకుని, జనం కోపాన్ని వాళ్ల మీదికే మళ్లించారు. ఇంగ్లండ్ 1290లో యూదులందరినీ వెళ్లగొట్టింది. మన దగ్గర వైశ్యులు ద్విజులు. వాళ్లను ఎవరూ ఊరి బయట పెట్టలేదు, ఊరి బయట ఉన్నది మనం. కాబట్టి రెండూ ఒకటేనని ఎవరన్నా మేం ఒప్పుకోం. కులం సంపదను ఎవరి చేతుల్లో బంధించిందో అడగడం మన హక్కు.

అయినా ఒక ప్రమాదం మిగిలే ఉంది. నడిగడ్డ పత్తి విత్తన సాగునే చూడండి. కంపెనీకీ రైతుకూ మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడికి అప్పిచ్చేది ఆయనే, పంట డబ్బులో మిత్తి పట్టుకునేదీ ఆయనే. ఆ ఆర్గనైజర్ ఏ కులంవాడైనా లెక్క మారదు. 'ఫలానా కులపోళ్లు పుట్టుకతోనే మోసగాళ్లు' అనేశామంటే కంపెనీ తప్పించుకుంటుంది, ఒప్పందం కాగితం తప్పించుకుంటుంది, మిత్తి రేటు కూడా తప్పించుకుంటుంది. ఊళ్లో చిల్లర దుకాణం నడుపుకునే ముసలామె మాత్రం దొరుకుతుంది. యూదుల మీద ద్వేషాన్ని జర్మన్ సోషలిస్టులు 'మూర్ఖుల సోషలిజం' అన్నది ఇందుకే.

అంబేడ్కర్ ఈ గీతను చాలా ముందే గీశాడు. 1938లో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికులతో మాట్లాడుతూ బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం ఇద్దరు శత్రువులన్నాడు. బ్రాహ్మణవాదమంటే ఒక కులం మనుషులు కాదనీ, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వాలను కాదనడమనీ, అది అన్ని కులాల్లోనూ ఉందనీ వివరించాడు. 1927లో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టే తీర్మానం పెట్టినది సహస్రబుద్ధే అనే బ్రాహ్మణుడు.

పుట్టుక ముద్ర ఎంత బరువో మనకు ఒకరు చెప్పాలా? 1871 నేరస్థ తెగల చట్టం బిడ్డ పుట్టకముందే దొంగ అని రాసిపెట్టింది. ఆ చట్టం 1952లో పోయింది, పోలీసు చూపులో ఇంకా పోలేదు.

గాజా మాట వచ్చినప్పుడూ ఇదే కొలత. ఇజ్రాయెల్ ప్రభుత్వం బాంబులు వేస్తే ఖండిస్తాం, పాలస్తీనా పక్షాన ఊరేగుతాం. అది యూదు ద్వేషం కాదు. అలా ముద్ర వేసి నోరు మూయించడానికి 2016 నాటి ఐహెచ్‌ఆర్‌ఎ నిర్వచనాన్ని వాడుతున్నారన్న విమర్శ ఉంది. అందుకే 2021లో కొందరు పండితులు జెరూసలేం ప్రకటన తెచ్చారు. కానీ నినాదం 'యూదులు' దాకా జారితే అది ఎవరికి తగులుతుంది? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలున్నాయి. వాళ్లు మాదిగలు. మన అక్కాచెల్లెళ్లు. గాజాలో పడే బాంబుకు వాళ్లు జవాబుదారులా?

ఇంకా దగ్గరికి వద్దాం, ఇక్కడే మనకు నొప్పి ఎక్కువ. ఉపవర్గీకరణను 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా పంచింది. మాదిగల వాటా ఎందుకు తగ్గిందో లెక్కలతో అడగడం న్యాయం. దశాబ్దాల పోరాటం అదే. ఆ పంపకం తప్పని మాలలు వాదించడమూ వాళ్ల హక్కు. కానీ 'మాలోళ్లంతా తిన్నారు', 'మాదిగోళ్లు అమ్ముడుపోయారు' అనే మాటలు మన వాట్సాప్ గ్రూపుల్లోనే రోజూ తిరుగుతున్నాయి. వాటిలో లెక్క లేదు, పుట్టుక ఒక్కటే ఉంది. కొన్నిటిని మేమూ చూసి ఊరుకున్నాం.